రాజాంలో ఇల్లమ్మే కాలం

2025 జనవరి 12, ఆదివారం. తెల్లారితే భోగి. విశాఖ ద్వారకా బస్‌ స్టేషన్‌లో ఇసకేస్తే రాలనంత జనం. పాలకొండ బస్సు, బొబ్బిలి బస్సు, రాజాం బస్సు... ఏది వచ్చినా కిటికీల్లోంచి రుమాళ్లు, సంచులు లోపలికెళ్లిపోతున్నాయి. చెన్నై నుంచి వచ్చినవాళ్లు, హైదరాబాద్‌ నుంచి వచ్చినవాళ్లు, రాత్రంతా రైల్లో నిలబడి వచ్చినవాళ్లు. అందరి మొహాల్లో అలసట. అందరి చేతుల్లో కొత్తబట్టల కవర్లు.

ఏటా ఈ బస్సెక్కుతూనే ఉన్నాను. కానీ ఈసారి నా సంచిలో బట్టలతోపాటు ఒక ఫైలు కూడా ఉంది. నాన్నగారి ఇంటి దస్తావేజులు. పండక్కి ముగ్గురు పిల్లలం ఒకచోట చేరతాం గదా, ఇల్లు సంగతి తేల్చేద్దాం అనుకున్నాం. నాన్న పోయి రెండేళ్లు. అమ్మ ఒక్కతే ఉంటోంది. ముందటి వర్షాకాలంలో పెరట్లో జారిపడి, సాయం పట్టేవాళ్లు లేక అరగంట అక్కడే కూర్చుండిపోయింది. ఆ మాట మాకు నెల తర్వాతగానీ తెలియలేదు.

రాజాం ఇల్లు అమ్మి, విశాఖలో మా ఇంటి దగ్గర అమ్మకో చిన్న ఫ్లాటు కొనాలి. అంతే కథ. అయితే ఎప్పుడు అమ్మాలి? ఎప్పుడు కొనాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు కోసం ఆ ఏడాది మూడుసార్లు రాజాం వెళ్లొచ్చాను. పుట్టి పెరిగిన ఊరిని అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

నాలుగు రోడ్ల ఊరు

విజయనగరం దాటి, గరివిడి, చీపురుపల్లి మీదుగా వెళ్తే విశాఖ నుంచి రాజాం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రైలు లేదు. చీపురుపల్లిలోనో పొందూరులోనో దిగి బస్సో ఆటోనో ఎక్కాలి. రైలు లేకపోయినా రోడ్లున్నాయి. శ్రీకాకుళం రోడ్డు, పాలకొండ రోడ్డు, బొబ్బిలి రోడ్డు, చీపురుపల్లి రోడ్డు. చుట్టుపక్కల పల్లెలవాళ్లకు బట్టలన్నా బంగారమన్నా ఎరువుల బస్తా అన్నా రాజామే. 2011 జనాభా లెక్కల్లో 42 వేల పైచిలుకు. ఊరు చిన్నదే, బజారు మాత్రం పెద్దది!

ఒకప్పుడు రాజాం అంటే జనపనార మిల్లులు. ఈ ఊళ్లో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు జనపనార మిల్లుతో మొదలుపెట్టి జీఎంఆర్‌ సంస్థను విమానాశ్రయాల దాకా తీసుకెళ్లారు. 1997లో ఇక్కడే జీఎంఆర్‌ ఇంజినీరింగ్‌ కాలేజీ వచ్చింది. దాంతో ఊరికి కొత్త జనం వచ్చారు. లెక్చరర్లు, ఉద్యోగులు, అద్దెకుండేవాళ్లు. వాళ్లలో కొందరు నాలుగేళ్లుండి వెళ్లిపోయారు. కొందరు ఇక్కడే ఇల్లు చూసుకున్నారు. మా కథలో ఇలాంటివాళ్లు మళ్లీ వస్తారు, గుర్తుంచుకోండి.

ఇక చరిత్ర. తాండ్ర పాపారాయుడి పేరు వినని తెలుగువాళ్లుండరు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనలు, విజయనగరం సేనలు విరుచుకుపడ్డాయి. అప్పుడు పాపారాయుడు రాజాంలో ఉన్నాడనీ, కబురు అందేసరికి ఆలస్యమైపోయిందనీ చెబుతారు. చిన్నప్పుడు ఈ కథ చెప్పి నాన్న ఒక మాట అనేవారు. ‘‘బలం ఉంటే సరిపోదమ్మా... కబురు వేళకి అందాలి’’ అని. ఇల్లమ్మడానికీ ఆ మాటే వర్తిస్తుందని అప్పుడు నాకేం తెలుసు!

ఒకే ఇల్లు, మూడు జిల్లాలు

భోగి మంట చల్లారాక, అరిసెలూ పోకుండలూ ముందు పెట్టుకుని అన్నయ్య, చెల్లి, నేను ఫైలు విప్పాం. పాలకొండ రోడ్డు వైపు సందులో నూట యాభై గజాల స్థలం. 1988లో నాన్న కట్టించిన డాబా. వెనక పెరడు, కరివేపాకు చెట్టు, బావి.

దస్తావేజులు చదువుతుంటే గమ్మత్తయిన సంగతి కనిపించింది. తాతగారి నాటి పాత కాగితంలో ఈ ఊరు విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది కాబట్టి నాన్న కాగితంలో శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది. రేపు మేం రాయబోయే కాగితంలో విజయనగరం జిల్లా! ఇల్లు అంగుళం కదల్లేదు. జిల్లాలు మాత్రం మూడు మారాయి.

‘‘నాను కూడా కదల్లేదు గదర్రా’’ అంది అమ్మ, వంటింట్లోంచే.

నవ్వాం గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సంక్రాంతి సంత

కనుమ నాటికి ఇల్లు చూడ్డానికి ఆరుగురు వచ్చారు. మేం బోర్డు పెట్టలేదు, ప్రకటన ఇవ్వలేదు. పక్కింటి పెద్దమ్మకు చెప్పాం, అంతే. చెన్నైలో కాంట్రాక్టు పనులు చేసే ఒకాయన, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒకబ్బాయి, సంతకవిటి వైపు నుంచి ఒక రైతు...

ఎందుకంత గిరాకీ? కారణాలు వెతకనక్కర్లేదు. ఈ ప్రాంతంలో వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో. నూర్పులై ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చేది పండక్కి. వలస వెళ్లినవాళ్లు ఏడాదంతా దాచుకున్న సొమ్ముతో ఊరొచ్చేదీ పండక్కే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు ఒక కప్పు కింద కూర్చునేదీ అప్పుడే. ‘ఊళ్లో ఓ ఇల్లుంటే బాగుణ్ణు’ అనిపించేది కూడా, పండగపూట సొంత ఊళ్లో చుట్టాలింట సర్దుకుని పడుకున్నప్పుడే!

ఇది మన ఊరి ముచ్చటే కాదు. బ్రిటన్, అమెరికాల్లో ఇళ్ల అమ్మకాలూ ధరలూ వసంతం, వేసవి నెలల్లో పెరిగి చలికాలంలో తగ్గుతాయి. లండన్‌ స్కూల్‌ ఆఫ్‌ ఎకనామిక్స్‌కు చెందిన రేచెల్‌ ఎన్గాయ్, సిల్వానా టెన్‌రేరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఎక్కువమంది ఒకేసారి చేరినప్పుడు ఎవరికి నచ్చిన ఇల్లు వాళ్లకు దొరికే అవకాశం పెరుగుతుంది. నచ్చిన ఇంటికి మనిషి నాలుగు రూపాయలు ఎక్కువే పెడతాడు. అందుకే రద్దీ కాలంలో ధర పెరుగుతుంది, అందుకే ఇంకా జనం ఆ కాలానికే వస్తారు. మన సంత సూత్రమే! సంతరోజున కొన్న ఆవుకీ, సంతలేని రోజున కొన్న ఆవుకీ ధర ఒకటి కాదని మా తాతలకు తెలియదా?

చెన్నై కాంట్రాక్టరు గారు చెప్పిన ధర మేం అనుకున్నదానికన్నా ఎక్కువ. అన్నయ్య మొహం వెలిగిపోయింది. ‘‘కాగితాలు రెడీయేనా బాబూ?’’ అని అడిగాడాయన.

అక్కడ ఆగిపోయాం.

కబురు అందింది... కాగితం అందలేదు

ఇల్లు నాన్న పేరున ఉంది. ఇంటి పన్ను నాన్న పేరున వస్తోంది. నాన్న వీలునామా రాయలేదు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు అంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ పిల్లలందరికీ సమాన వాటా. పెళ్లయిన ఆడపిల్లలకూ అంతే. తాతయ్య, నాయనమ్మ ముందే పోయారు కాబట్టి అమ్మ, మేం ముగ్గురం కలిపి నాలుగు సంతకాలు. దానికి ముందు నాన్న మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పన్ను పేరు మార్పు. మా దగ్గర మొదటిది తప్ప ఏదీ లేదు.

నలుగురం ఊళ్లో ఉన్నది ఆ నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ ఆఫీసులకు సెలవులు. ఆఫీసులు తెరిచేసరికి అన్నయ్య చెన్నైలో, చెల్లి హైదరాబాద్‌లో! ఉత్తరాంధ్రలో ఎన్ని ఇళ్లు ఇలా సంక్రాంతికి బేరమై, ముక్కనుమ నాటికి ఆగిపోతాయో లెక్కలేదు. కొనేవాళ్లూ సంతకం పెట్టేవాళ్లూ ఊళ్లో ఉన్నప్పుడు ఆఫీసుండదు. ఆఫీసు ఉన్నప్పుడు వీళ్లుండరు.

అదే నెలాఖర్లో ఇంకో తొందర వచ్చిపడింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో భూముల మార్కెట్‌ విలువలు సవరిస్తున్నారని వార్త. ఆ ఏడాది మాఘమాసం జనవరి 30న వచ్చింది. పుష్యం వెళ్లేదాకా ఆగిన వాళ్లూ, విలువ పెరగకముందే రిజిస్టరు చేయించుకుందామనుకున్న వాళ్లూ ఆ రెండు రోజుల్లోనే పడ్డారు. రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్‌ ఆఫీసుల ముందు బారులు.

ఎందుకంత తొందరో చిన్న లెక్కలో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్‌ ఫీజు 1 శాతం. మొత్తం ఏడున్నర. మనం రాసుకున్న ధర, ప్రభుత్వ విలువ... రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ప్రభుత్వ విలువ 30 లక్షలున్న ఇల్లు సవరణలో 36 లక్షలైందనుకోండి. అదనంగా కట్టాల్సింది 45 వేలు. తక్కువేం కాదు. కానీ ఆ నలభై అయిదు వేల కోసం కాగితాలు చూడకుండా పరుగెత్తి కొంటే పోయేది అంతకు పదింతలు!

చెన్నై ఆయన మాఘం వరకు చూశాడు. తర్వాత వేరే ఇల్లు కొనేసుకున్నాడు. ఆయన తప్పు లేదు. పాపారాయుడి కథ మా ఇంట్లో తిరగబడింది. కబురు వేళకే అందింది. మేమే సిద్ధంగా లేం.

వేసవి పని

మే నెలలో చుట్టాల పెళ్లికి మళ్లీ అందరం కలిశాం. ఈసారి ముందే కాగితాలు తెచ్చిపెట్టుకున్నాం. పిల్లలం ముగ్గురం మా హక్కును అమ్మకు విడుదల చేస్తూ రాసి రిజిస్టరు చేయించాం. ఇక ఇల్లు పూర్తిగా అమ్మది. అమ్మాలన్నా, ఉంచాలన్నా అమ్మ ఒక్క సంతకం చాలు.

దస్తావేజు లేఖరి గారు కళ్లజోడు సర్దుకుని అమ్మను అడిగారు. ‘‘అమ్మా, మీకిష్టమేనా?’’

‘‘అడిగినోరు మీరొక్కరే బాబూ’’ అంది అమ్మ.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే. ఎప్పుడు అమ్మాలి, ఎంతకి అమ్మాలి అని నాలుగు నెలలుగా మాట్లాడుకుంటున్నాం. అమ్మాలా వద్దా అని అమ్మను మేం అడగలేదు. ఆ రాత్రి మేడమీద చాప వేసుకుని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ‘‘పడిపోయిన రోజే అనుకున్నాను ఇంక ఒక్కదాన్నీ ఉండలేనని. కానీ ఎవుడో కొని తాళం వేసీసుకుంటే మాత్రం ఇవ్వను. ఇంట్లో దీపం పెట్టేవోళ్లకే ఇద్దాం’’ అంది. మా లెక్కలన్నిటిలో లేని షరతు అది!

వేసవి కూడా ఇళ్లకు మంచి కాలమే. వైశాఖం, జ్యేష్ఠం గృహప్రవేశాల నెలలు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇల్లు మారాలని చూసే ఉద్యోగులు ఈ రెండు నెలల్లోనే తిరుగుతారు. కొనేవాళ్లకు ఇంకో లాభం... బావిలో, బోరులో నీళ్లున్నాయో లేవో మే నెలలోనే తెలుస్తుంది. మా బావిలో అప్పుడూ నీళ్లున్నాయి. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు కూడా. కానీ వచ్చిన ఇద్దరూ కొనేసి, పడగొట్టి, షాపులు కట్టాలనుకున్నవాళ్లు. అమ్మ తల అడ్డంగా ఊపింది. అన్నయ్య పళ్లు నూరుకున్నాడు.

ఆషాఢంలో గొడుగు పట్టుకుని...

రెండో ప్రయాణం జులైలో. ఆషాఢం. మద్దువలస జలాశయం కింద నారు సిద్ధమవుతోంది. చీపురుపల్లి దాటాక రోడ్డుకు రెండువైపులా బురద మడులు, వంగిన నడుములు, తలమీద ప్లాస్టిక్‌ కవర్లు. రైతు చేతిలో డబ్బంతా విత్తనంగా, ఎరువుగా, కూలిగా మళ్లోకి వెళ్లిపోయే కాలం. పైగా శూన్యమాసం. గృహప్రవేశాలుండవు, శంకుస్థాపనలుండవు. బేరసారాలు కూడా వాయిదా వేసుకుంటారు. అధికమాసం కలిసొస్తే మరీను. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చి, జూన్‌ మూడో వారం నుంచి ఆగస్టు మధ్య వరకు రెండు నెలలు ముహూర్తాల్లేవు.

అలాంటి కాలంలో, జోరున వాన కురుస్తుంటే, ఒక జంట గొడుగు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. ఇద్దరూ లెక్చరర్లు. కొన్నేళ్లుగా ఈ ఊళ్లోనే అద్దెకుంటున్నారు. ‘‘ఈ వానలో ఎందుకొచ్చారమ్మా?’’ అంది అమ్మ తువ్వాలు అందిస్తూ.

‘‘ఇల్లు వానలోనే చూడాలండీ అత్తగారూ. ఎండలో అన్ని ఇళ్లూ బాగానే ఉంటాయి’’ అంది ఆ అమ్మాయి.

వాళ్లు చూసిన తీరు చూస్తే ముచ్చటేసింది. ముందు సందులోకి వెళ్లి నీళ్లు ఎటు పారుతున్నాయో చూశారు. తర్వాత డాబా మీదికెక్కి పిట్టగోడ మూలలు చూశారు. వెనక గదిలో పైకప్పు చెమ్మ పట్టిన చోట వేలితో తట్టి చూశారు. మరుగుదొడ్డి ట్యాంకు ఎక్కడుందో, బావికి ఎంత దూరమో అడిగారు. ఇంటి లోపాలన్నీ బయటపడ్డాయి. వెనక గది కారుతోంది. సందు చివర నీళ్లు నిలుస్తున్నాయి. సంక్రాంతికి వచ్చిన ఆరుగురిలో ఒక్కరూ ఇవి అడగలేదు. అడగడానికి అప్పుడు చుక్క వాన లేదు!

కొనేవాళ్లకు ఆషాఢం ఎందుకు మంచిదో ఆ రోజు తెలిసింది. పోటీ ఉండదు. అమ్మేవాడు తీరిగ్గా మాట్లాడతాడు. ఇల్లు అబద్ధం చెప్పలేదు. ముహూర్తం కావాలంటే గృహప్రవేశానికి చూసుకోవచ్చు. ఇల్లు చూడ్డానికీ, ఈసీ తీసుకోవడానికీ, బ్యాంకులో అప్పు అడగడానికీ మాసంతో పనిలేదు. పైగా ఆ ఏడాది ఇంకోటి కలిసొచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్‌ లోపు రిజర్వ్‌ బ్యాంక్‌ రెపో రేటును మూడు విడతల్లో 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. ఇరవై ఏళ్లకు 30 లక్షల గృహరుణం మీద వడ్డీ 9 నుంచి 8 శాతానికి దిగితే నెల వాయిదా దాదాపు 1,900 తగ్గుతుంది. ఏ పంచాంగంలోనూ కనిపించని మంచి ముహూర్తం ఇది.

వాళ్లు చెప్పిన ధర సంక్రాంతి ధరకన్నా రెండు లక్షలు తక్కువ. అన్నయ్య ఫోన్లోనే ‘‘వద్దు, మళ్లీ సంక్రాంతి దాకా చూద్దాం’’ అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో కరివేపాకు రెబ్బలు పెట్టింది. అప్పుడే నాకు అర్థమైంది.

కార్తీకంలో సంతకం

మళ్లీ సంక్రాంతి దాకా ఆగొచ్చా? పంచాంగం తిరగేశాను. 2025 నవంబరు ఆఖరి నుంచి 2026 ఫిబ్రవరి మధ్య వరకు శుక్ర మూఢం. అంటే రాబోయే సంక్రాంతి మూఢంలోనే. జనం వస్తారు, పిండివంటలు తింటారు, ఇళ్లు చూస్తారు... ‘మూఢం వెళ్లాక మాట్లాడదాం’ అనుకుని బస్సెక్కేస్తారు. అంటే మాఘం దాటి ఫాల్గుణం. అమ్మ ఇంకో చలికాలం ఒంటరిగా. పైగా ధర పెరుగుతుందని ఎవరు రాసిచ్చారు?

ఈలోగా అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంత దూరంలో దాటినా ఇక్కడా ఎడతెగని వాన. ఇలాంటప్పుడు ఉత్తరాంధ్ర వాళ్లందరికీ రెండు పేర్లు గుర్తొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఆ రాత్రి అమ్మకు నాలుగుసార్లు ఫోన్‌ చేశాను. నాలుగోసారి ఎత్తలేదు. తెల్లారి తెలిసింది, కరెంటు పోయి ఛార్జింగ్‌ అయిపోయిందని. ఆ రాత్రి అన్నయ్యా నిద్రపోలేదట. పొద్దున్నే తనే ఫోన్‌ చేసి ‘‘ఆ లెక్చరర్లు ఇంకా ఉన్నారా?’’ అన్నాడు.

ఉన్నారు. శ్రావణంలో వేరే రెండిళ్లు చూసి, నచ్చక, ఆగారు. అమ్మ మాట్లాడితే యాభై వేలు పెంచారు. సంక్రాంతి ధరకన్నా లక్షన్నర తక్కువకు కుదిరింది. అమ్మకు ఆ లక్షన్నర పోయినట్టే అనిపించలేదు. ‘‘ఆయన ధర నోటిమాట. ఈల్లది బయానా’’ అంది.

మూడో ప్రయాణం కార్తీక పౌర్ణమి వెళ్లిన వారంలో. ఈసారి జాతీయ రహదారి మీదుగా వెళ్లాం. తగరపువలస దాటాక భోగాపురం. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పనులు. కడుతున్నది మా రాజాం ఆయన సంస్థే. రోడ్డుకిరువైపులా లేఅవుట్ల బోర్డులు. ‘ఇప్పుడే కొనండి’ అని ప్రతి బోర్డూ అరుస్తోంది. 2019 డిసెంబరులో విశాఖ పరిపాలనా రాజధాని అన్నప్పుడూ ఇలాగే బోర్డులు లేచాయి. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఆశతో కొన్నవాళ్లు ఆలోచనలో పడ్డారు. బోర్డు చెప్పే కాలం వేరు, ఇల్లు కావలసినవాడి కాలం వేరు. చిలకపాలెం జంక్షన్లో ఎడమకు తిరిగి పొందూరు మీదుగా రాజాం చేరాం. పొలాలన్నీ పచ్చబంగారం రంగులో ఉన్నాయి. కోతలకు ఇంకో రెండు వారాలు.

సబ్‌రిజిస్ట్రార్‌ ఆఫీసులో పని రెండు గంటల్లో అయిపోయింది. కాగితాలు సిద్ధంగా ఉంటే అంతే. అమ్మ వేలిముద్ర వేసి, సంతకం పెట్టి, ‘విజయనగరం జిల్లా’ అన్న చోట ఒకసారి వేలు పెట్టి చూసి నవ్వింది.

మరి ఫ్లాటు?

అమ్మాక కొనడం మిగిలింది. ఇక్కడ తొందరపడనక్కర్లేదు, అలాగని మరీ ఆలస్యమూ పనికిరాదు. ఇల్లమ్మిన లాభాన్ని మళ్లీ ఇంటి మీదే పెడితే పన్ను మినహాయింపు ఉంది. అమ్మడానికి ఏడాది ముందు నుంచి, అమ్మాక రెండేళ్ల లోపు కొనాలి. కట్టుకునేట్టయితే మూడేళ్లు. వివరాలు ఆడిటర్‌ను అడిగి చేసుకోవాలి.

మాకు మూఢం కలిసొచ్చింది! డిసెంబరులో విశాఖలో ఫ్లాట్లు చూడ్డానికి వెళ్తే అమ్మేవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సంక్రాంతి ముందు, మూఢం మధ్యలో, మాతోపాటు చూడ్డానికి ఇంకెవరూ లేరు. మొదటి అంతస్తులో రెండు గదుల పాత ఫ్లాటు ఒకటి నచ్చింది. రాజాంలో తగ్గించుకున్న లక్షన్నరకు మించి అక్కడ తగ్గింది. గృహప్రవేశం మాత్రం అమ్మ పట్టుబట్టి మూఢం వెళ్లాక, 2026 ఫాల్గుణంలో చేయించింది.

మంచి కాలంలో అమ్మాం, ఎవరికీ పట్టని కాలంలో కొన్నాం. ఇది మా తెలివి అని చెప్పుకోవడానికి లేదు. కాగితాలు సిద్ధంగా ఉండటం వల్ల ఆ కాలం మాకు పనికొచ్చింది, అంతే. కాగితాల్లేని రోజున బంగారంలాంటి సంక్రాంతే చేజారిపోయింది గదా!

ఇల్లు చూసే నెలలు

* సంక్రాంతి: అమ్మేవాళ్లకు మంచి గిరాకీ. పండక్కి మూడు నెలల ముందే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పన్ను రశీదులు, వారసుల కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

* మాఘం - ఫాల్గుణం: రిజిస్ట్రేషన్ల జోరు. ప్రభుత్వ విలువల సవరణ వార్తలు గమనించాలి.

* వైశాఖం - జ్యేష్ఠం: బడులు తెరిచేలోపు ఇల్లు మారేవాళ్లు వస్తారు. కొనేవాళ్లు బావి, బోరు నీళ్లు చూసుకోవాలి.

* ఆషాఢం, మూఢం: కొనేవాళ్లకు బేరమాడే వీలు. వాన పడుతుండగా పైకప్పు, సందు, మురుగు కాల్వ చూడాలి.

* కార్తీకం: వానలు చూసేసిన ఇల్లు, చేతికి రాబోయే పంట. ఇద్దరికీ నప్పే కాలం.

* ఏ నెలైనా: అందరి సంతకాలూ ఒకచోట దొరికే రోజు ముందుగా చూసుకోవాలి.

మొన్న రాజాం నుంచి ఫోన్‌ వచ్చింది. వెనక గది కారడం ఆగిందట, సందు చివర మట్టి వేయించారట. ‘‘మీ కరివేపాకు చెట్టు బాగా చిగురేసిందండీ అత్తగారూ’’ అని ఆ అమ్మాయి చెబుతోంది. అమ్మ ఫోన్‌ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. అక్కడ ఓ కుండీ ఉంది. అందులో రాజాం నుంచి తెచ్చిన కరివేపాకు పిలక. ‘‘ఇక్కడా బతికింది’’ అని చెప్పింది.